మందిరానికి రాని పిల్లల యొద్దకు

మన తెలుగువారు ఎందరో కాపురముంటున్న డాలస్ నుండి ఉత్తరముగా సుమారు 110 కిలోమీటర్లు వెళితే గేన్స్‌విల్ అను చిన్న పట్టణము వస్తుంది. దగ్గరలోనే రెడ్ నది, ఆవల ఓక్లహోమా. 1930లలో ఈ ఊరి సామాన్య జనులే కలిసి ఒక సర్కస్ నడిపారంటే నవ్వు వస్తుంది గాని, అది నిజము.

1938లో, డాలస్‌లో వేదశాస్త్రము చదువుచున్న జిమ్ రేబర్న్ పరిచర్య కొరకు ఇక్కడికి వచ్చాడు. ప్రెస్బిటేరియన్ సంఘ కాపరి అతనికి వింతైన పని అప్పగించాడు. మందిరానికి వచ్చే పిల్లలను తానే చూచుకుంటాననీ, ఊరి హైస్కూలునే సంఘముగా ఎంచి రానివారి యొద్దకు వెళ్ళమనీ చెప్పాడు. తన బల్లలు నిండుతాయో లేదో చూచుకోలేదు!

ప్రియ పాఠకులారా, మన గ్రామాలలో యౌవనస్థుల కూటమికి ఎవరు వస్తున్నారు? చాలావరకు విశ్వాసుల పిల్లలే. చెరువుగట్టున క్రికెట్ ఆడే కుర్రవాళ్ళకు మన మైకు వినబడుతూనే ఉంటుంది.

రేబర్న్ వారానికొక కూడిక పెట్టాడు. పాటలు, నవ్వించే చిన్న నాటిక, చివర యేసును గూర్చి కొన్ని మాటలు. ఆ పిల్లల ఇండ్లలోనే కూడుకొనుట మొదలైన తరువాత సంఖ్య ఎంతో పెరిగింది. 1941లో యంగ్ లైఫ్ సంస్థ ఏర్పడింది. దాని నాయకులు నేటికీ ముందుగా ఆటస్థలానికి వెళ్ళి పిల్లల పేర్లు నేర్చుకుంటారు; ప్రసంగము ఆ తరువాతనే.