మన యింటి దోమ

2024వ సంవత్సరము వర్షకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు డెంగీ జ్వరముతో రెండు వారములు బడికి రాలేదు. ఆ సెప్టెంబరులోనే కర్ణాటక ప్రభుత్వము డెంగీని సాంక్రామిక వ్యాధిగా ప్రకటించియుండెను. మేము చూడబోయినప్పుడు వాని తల్లి, "చెరువు గట్టున ఉండాము సార్, దోమలు రాక ఏమయితాయి?" అని కండ్లు తుడుచుకొనెను. మేమును అట్లే తలచితిమి. యలహంకలో జ్వరము వచ్చిన యింట చెరువునో, మురుగు కాలువనో నిందింపనివారు అరుదు.

ఆ బాలుడు కోలుకొన్న పిదప, ఆ నింద యెంతవరకు నిజమో చూతమని మా సైన్సు ఉపాధ్యాయులు ఒక యోచన చేసిరి. అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా వారి 'గ్లోబ్ అబ్జర్వర్' అను యాప్‌లో, దోమలు పుట్టు తావులను సామాన్య జనులే కనిపెట్టి తెలుపుటకు 2017లో ఒక విభాగమును చేర్చిరి. నీరు నిలిచిన తావును సెల్‌ఫోనులో నమోదు చేయవలెను. అందలి దోమపురుగులను లెక్కింపవలెను. కెమెరాకు చిన్న భూతద్దమును తగిలించి వాని ఫొటో తీయవలెను. ఏ జాతివో పోల్చవలెను. కడపట, ఆ తావును తొలగించితిరా యని యాప్ అడుగును. ఇట్టి పని వ్యర్థము కాదు. స్పెయిన్ దేశమున 2018లో ఒక పౌరుడు 'మస్కిటో అలర్ట్' అను యాప్ ద్వారా పంపిన సమాచారము వలననే, అక్కడ అంతవరకు కానరాని యొక ఆసియా దోమజాతి బయటపడినది.

ఒక ఆదివారము పిల్లలతో బయలుదేరితిమి. ముందుగా చెరువు కడకే పోతిమి. నేరము ఋజువగునని మా ఉత్సాహము. చెరువు అంచున మాకు చిక్కిన పురుగులు కొలదియే. కాలువలో మాత్రము కుప్పలుగా నుండెను. సైన్సు ఉపాధ్యాయులు వానిని తెల్లని పళ్లెమున పోసి జాతిభేదములు చెప్పిరి. తోకయొద్ద పొడవైన శ్వాసనాళముతో తలక్రిందుగా వ్రేలాడునది క్యూలెక్స్. నాళము లేక నీటిమట్టమునకు సమాంతరముగా పరుండునది మలేరియాను తెచ్చు అనాఫిలస్. పొట్టి నాళముతో వ్రేలాడునది డెంగీని తెచ్చు ఈడిస్. కాలువలో మేము పట్టినవన్నియు క్యూలెక్సులే. ఈడిస్ కనబడినది వీధులలో: పాత టైరులలో, కొబ్బరిచిప్పలలో, మూతలేని సంపులలో, పూలకుండీల క్రింది పళ్లెములలో. ఇండ్ల నడుమ నిలిచిన తేటనీరు దానికి ప్రియము. గ్రుడ్డు దోమయగుటకు వారము పది దినములు చాలును. పుట్టినచోటినుండి అది సాధారణముగా కొన్ని వందల గజములకు మించి పోదు, పగటిపూటనే కుట్టును.

సాయంకాలమునకు ఒక బాలిక, "సార్, మీ ఇల్లు మిగిలుండాది," అనెను. మేము నవ్వి తలుపు తీసితిమి. శుచి శుభ్రములపై పిల్లలచే వ్యాసములు వ్రాయించు మా యింట నేమి దొరకును? ఆ పిల్ల తిన్నగా వంటయింటికి పోయి, ఫ్రిజ్ వెనుక నీరు చేరు పళ్లెమును వెలుపలికి లాగెను. అందు 17 పురుగులు. అన్నియు పొట్టి నాళములవే. పిల్లలు నవ్విరి. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నవానివలె మేము నిలిచిపోతిమి. వారికి తోచని మాట యొకటి మాకు తోచినది. జ్వరపడుటకు ముందు ఆ బాలుడు పద్యపఠన పోటీకై ప్రతి సాయంకాలమును మా యింటికి వచ్చి, ఆ వంటయింటి గుమ్మము కడనే కూర్చుండి పద్యములు వల్లించెను. వానిని కుట్టిన దోమ మా యింటిదేయని చెప్పజాలము. కాదనుటకును నోరు రాలేదు. పళ్లెమును పారబోసి, యాప్ అడిగిన కడపటి ప్రశ్నకు 'అవును' అని మేమే నొక్కితిమి.

ఈ బెంగళూరునందే 1883లో దండు వైద్యుడుగా నుండిన రొనాల్డ్ రాస్, తన కిటికీ వెలుపలనున్న నీటితొట్టిలో దోమపురుగులను కనిపెట్టి, తొట్టిని బోర్లించి, దోమల పీడను తగ్గించుకొనెను. తక్కిన తొట్లను గూడ బోర్లింతమన్నచో ఒక సైనికాధికారి యొప్పుకొనలేదట. అది సృష్టిక్రమమునకు విరుద్ధమట! పదునాలుగేండ్లకు, 1897 ఆగస్టు 20న, ఆ రాసే మన సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచి, 1902లో నోబెల్ బహుమానము నందెను. క్రిమిని చూచుటకు సూక్ష్మదర్శిని కావలసెను. తొట్టిని బోర్లించుటకు రెండు చేతులే చాలెను.

విద్యార్థులారా! చెరువును నిందించుట సులభము. అది బదులు పలుకదు. మరునాడు మేము ఆ బాలుని యింటికి పోయి పళ్లెము సంగతి చెప్పితిమి. వాని తల్లి కొంతసేపు ఊరకుండి, "మా మిద్దె మీద డ్రమ్ముకూ మూత లేదు సార్," అనెను. పాత్ర గోడకంటిన ఈడిస్ గ్రుడ్లు ఎండినను నెలల తరబడి బ్రతికియుండును గనుక, నీటిని పారబోయుట మాత్రమే చాలదు. నాటినుండి ప్రతి శనివారమును ఆ బాలుడును మేమును రెండిండ్లలోని పాత్రలను బోర్లించి, పీచుతో తోముచున్నాము.