కాందిశీకులూ – కెమేరా

డాక్యుమెంటరీ చిత్రాలంటే నాకు మొదటినుంచీ ఒక సందేహం. ఇల్లూ వాకిలీ వదిలి, మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని వచ్చే కాందిశీకులను కెమేరావాళ్లు సరిహద్దులోనే పట్టుకుంటారు. ఏడ్చే తల్లినీ, కాళ్లు బొబ్బలెక్కిన పిల్లవాణ్ణీ చిత్రంలోకి ఎక్కించుకుని వెళ్లిపోతారు. అసలు కథ ఆ తరవాత గదా మొదలయ్యేది! రాని భాషలో పని అడగాలి. అద్దెకు ఇల్లు వెతుక్కోవాలి. పిల్లల్ని బడిలో వెయ్యాలి. అందులో కళ్లు చెదిరే దృశ్యమేమీ ఉండదు కనుక తీసేవారు తక్కువ.

తీద్దామన్నా మరో చిక్కుంది. కొత్త ఊళ్లో తలదాచుకున్నవాడికి పాతకథ బయటపడడమే ప్రమాదం కావచ్చు. ముఖం చూపకుండా మనిషిని తెరమీద చూపడం ఎట్లా?

డెన్మార్కులో జోనాస్ పోహెర్ రాస్ముసెన్ అనే దర్శకుడు 2021లో వచ్చిన "ఫ్లీ" చిత్రంలో ఒక ఉపాయం చేశాడు. అందులో అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన అమీన్ తన కథ చెబుతాడు. అది మారుపేరు. గొంతు అతనిదే, ముఖం చిత్రకారులు గీసిన బొమ్మ. దర్శకుడూ అతడూ కుర్రతనం నుంచీ స్నేహితులే. అయినా ఏళ్ల తరబడి అమీన్ నోరు విప్పలేదు. తనవాళ్లంతా చచ్చిపోయారని చెప్పమని దొంగదారిన దాటించిన దళారులు నేర్పారు. బతికే ఉన్నారంటే ఎక్కడ వెళ్లగొడతారో అని భయం! పెద్ద చదువులు చదివి పైకొచ్చాక కూడా, సహచరుడితో కలిసి ఇల్లు కొనడానికి జంకుతాడు. ఆ చిత్రం 2022లో మూడు ఆస్కార్ విభాగాల్లో పోటీకి నిలిచింది. నాకు గుర్తుండిపోయింది మాత్రం, అతడు పడుకుని కళ్లు మూసుకుని చిన్ననాటి ఇంటిని తలుచుకోవడం.

హసన్ ఫజిలి సంగతి వేరు. దర్శకుడూ ఆయనే, కాందిశీకుడూ ఆయనే. తాలిబాన్లు తలకు వెల కట్టడంతో, భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ వెంటబెట్టుకుని యూరప్ దారి పట్టాడు. ఆ ప్రయాణాన్ని మూడు సెల్‌ఫోన్లతో తీశారు. అదే 2019 నాటి "మిడ్‌నైట్ ట్రావెలర్". దారిలో ఒకనాడు చిన్నకూతురు కనిపించకుండా పోయింది. వెతుకుతూ ఉండగా, ఈ వెతుకులాట తీస్తే ఎంత గొప్ప దృశ్యమవుతుందో అన్న ఆలోచన ఆ తండ్రికి వచ్చింది. వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది. తియ్యలేదు. పిల్ల దొరికింది. ఈ సంగతి చిత్రంలో ఆయనే చెబుతాడు.

ఆ మాటలు విన్నాక నా సందేహం సగం తీరింది. కాందిశీకుడు అడుగడుగునా ఎవరో ఒక అధికారికి తన కథ చెప్పుకోవలసిందే; శిబిరంలో తలుపు వేసుకుందామన్నా చాటు దొరకదు. ఇష్టమైతే చెప్పి, లేకుంటే ఊరుకునే వీలు కలిగిననాడే అతని కొత్త బతుకు మొదలైనట్టు. వాళ్లు కొత్త ఇంట్లో కాలుపెట్టి తలుపు వేసుకుంటే, తిరిగి తెరిచేదాకా కెమేరా వాకిట్లో నిలబడడం నేర్చుకోవాలి.