మాణిక్‌బాగ్ దీపాలు

ఇండోరు అనగానే మన నిజామాబాదు వారు ఒకసారి తల ఎత్తి చూస్తారు. వారి ఊరి పాత పేరు ఇందూరు కదా! ఇది ఆ ఇందూరు కాదు. మాళవ దేశంలో హోల్కరు రాజులు ఏలిన ఇండోరు. ఉజ్జయినిలో మహాకాళుణ్ణి, నర్మద ఒడ్డున ఓంకారేశ్వరుణ్ణి సేవించబోయే తెలుగు యాత్రికులు చాలామంది ఈ ఊరి మీదుగానే పోతారు. రాజవాడా చూస్తారు. రాత్రి సరాఫా బజారులో నగల కొట్లు మూశాక వెలిసే ఫలహారపు అంగళ్ళలో వేడివేడి జిలేబీ తింటారు. మర్నాడు బస్సెక్కుతారు. కాని ఆ ఊళ్ళోనే ఒక దీపాల కథ ఉన్నది. అది విన్నవారు తక్కువ.

ఇండోరులో హోల్కరుల కొత్త మేడలు రెండు చెప్పుకోదగ్గవి. ఒకటి లాల్‌బాగ్. 1886లో మొదలుపెట్టి 1921 దాకా కట్టారు. పాలరాయి, బంగారు పూత, కప్పు నిండా చిత్తరువులు, నడిమధ్య వేలాడే గాజు దీపాల గుత్తులు. ఆ దీపాలు చదువుకోవడానికి పెట్టినవి కావు. లోపలికి వచ్చినవాడు తల ఎత్తి, నోరు తెరిచి చూడడానికి పెట్టినవి.

రెండవది మాణిక్‌బాగ్. 1908లో పుట్టిన యశ్వంతరావు హోల్కరు 1926లో గద్దె ఎక్కాడు. ఇంగ్లండులో చదువుకుంటున్న రోజుల్లో ఆయనకు ఎకార్ట్ ముతేసియుస్ అనే జర్మను యువకుడితో స్నేహం కుదిరింది. ముతేసియుస్ తండ్రి కూడా పేరుపడ్డ వాస్తుశిల్పే. 1930లో మాణిక్‌బాగ్ పని మొదలయ్యేనాటికి రాజుకు ఇరవై రెండేళ్ళు, శిల్పికి ఇరవై ఆరు. ఇద్దరూ కుర్రవాళ్ళే. కొత్త ఇల్లు కొత్తగా ఉండాలని ఇద్దరికీ పట్టుదల. గోడలు మొదలు తలుపు పిడుల దాకా అన్నిటికీ ముతేసియుసే నమూనాలు గీశాడు. సామానులో చాలా భాగం జర్మనీలో చేయించి ఓడల మీద తెప్పించారు.

పారిస్ గృహాలంకరణ నిపుణులలో ఆనాటి మేటివారి పనితనమంతా ఇక్కడికి చేరింది. రూల్మన్ చేసిన మకస్సర్ నల్లచేవ బల్ల, సోన్యో, అలిక్స్ అనే జంట చేసిన లోహమూ గాజూ కలిసిన మంచం, ఐలీన్ గ్రే చేసిన కుర్చీ, ద సిల్వా బ్రూన్స్ నేయించిన తివాచీలు! దీపాలు మాత్రం ముతేసియుస్ తానే రచించాడు. నేలమీద నిలబడే నిలువెత్తు దీపాలు, గోడ దీపాలు చేయించాడు. గ్రంథాలయంలోని ఎర్ర కుర్చీలకు చదువుకునే దీపాలు కుర్చీలోనే అమర్చాడు.

నేలమీద నిలబడే దీపం మనకు కొత్తదా? మన దీపపు సెమ్మె అదే కదా! మనం పీటమీద, చాపమీద కూర్చునేవాళ్ళం కనుక సెమ్మె ఆ ఎత్తుకే ఉండేది. కుర్చీలు వచ్చాక మనిషి కన్ను పైకి లేచింది. దీపమూ లేవవలసి వచ్చింది. పైగా కరెంటు బుడ్డి నూనె వత్తిలా చల్లగా వెలగదు, కళ్ళలో పొడుస్తుంది. అందుకే ఆనాటి నిపుణులు ఒక ఉపాయం పన్నారు. బుడ్డిని పైకి తెరిచిన పాత్రలో దాచి, వెలుగును తెల్లటి కప్పుమీదికి కొట్టించారు. అది కప్పును తాకి, మెత్తబడి, వెన్నెలలా గదంతా పరచుకుంటుంది. 1933లో ఇటలీలో పియెత్రో కియేజా చేసిన లుమినాతోర్ అనే దీపం ఈ పద్ధతిదే: సన్నని లోహపు గొట్టం, పైన విచ్చుకున్న పువ్వులాంటి మూతి. అంతే!

ఇటువంటి దీపానికి కప్పు సగం, తాను సగం. కప్పు ఎత్తు ఎంత, గోడ రంగు ఏమిటి, కుర్చీ ఎక్కడ అన్నది తెలియనిదే దీపం గీయడం కుదరదు. ఇల్లు కట్టినవాడే దీపమూ గీయడంలో ఉన్న అర్థం ఇదే.

ఆ వెలుగు ఎన్నాళ్ళో నిలవలేదు. 1937లో మహారాణి సంయోగితాదేవి చిన్న వయసులోనే స్విట్జర్లాండులో కన్నుమూసింది. బ్రంకూషి అనే మహాశిల్పిచేత కట్టించదలచిన ధ్యానమందిరం కలగానే మిగిలింది. 1948లో సంస్థానం మధ్యభారత్‌లో కలిసింది. 1961లో మహారాజా పోయాడు. బ్రంకూషి పాలరాతి పక్షులు రెండు 1973లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు ఎగిరిపోయాయి. 1980 మే నెలలో మొనాకోలో సోత్‌బీ వారి వేలంలో మంచాలు, కుర్చీలు, దీపాలు తలో దారి పట్టాయి. మాణిక్‌బాగ్‌లో కేంద్ర ప్రభుత్వపు పన్నుల కార్యాలయం వెలిసింది.

అమ్మడం తప్పా? ఒక్కమాటలో తేల్చలేము. అమ్ముడుపోయిన వస్తువులను కొన్నవారు కంటికి రెప్పలా చూసుకున్నారు. ఫైళ్ళ గుట్టల మధ్య ఉంటే వాటి గతి ఏమయ్యేదో! కాని ఇండోరులో వెన్నెల కురిపించిన దీపం మరొకరి హాలులో అలంకారం మాత్రమే. 2019లో పారిస్ అలంకారకళల మ్యూజియంలో ఆ సామానును మళ్ళీ ఒకచోట చేర్చి ప్రదర్శించారు. కొన్ని నెలల ముచ్చట. అదీ ఇండోరులో కాదు.

ఏ వస్తువు ఏ గదిలో, ఏ మూల ఉండేదో ఈనాడు తెలుస్తున్నదంటే ఇల్లు కొత్తగా ఉన్నప్పుడు తీసిన ఛాయాచిత్రాల చలవే. మన ఇళ్ళలో ఎన్ని సెమ్మెలు పాత ఇత్తడి కింద తూకానికి పోయాయి! అటకమీద ఇంకా ఒకటి మిగిలి ఉంటే దించి తుడవండి. అది ఏ గదిలో ఉండేదో, దాని వెలుగులో ఎవరు చదువుకున్నారో ఇంట్లో పెద్దవారిని అడిగి రాసి పెట్టండి. ఆ తరువాత ఉంచుకుంటారో, ఇచ్చేస్తారో మీ ఇష్టం.