కుండీలో మాత్రలు

జాన్ రే నవల 'లోబాయ్'ని మొదటిసారి నేను తప్పుగా చదివాను. చదివి ఊరుకున్నా బాగుండేది, నలుగురికీ చెప్పాను.

2009లో వచ్చిన నవల అది. పదహారేళ్ల విల్ హెలర్‌కి స్కిజోఫ్రెనియా. మందులు మానేసి, ఆసుపత్రి నుంచి బయటపడి న్యూయార్క్ భూగర్భ రైళ్లలో తిరుగుతుంటాడు. భూమి వేడెక్కి కొన్ని గంటల్లో లోకం అంతమవుతుందనీ, తన ఒంట్లో వేడి చల్లార్చుకుంటే అది ఆగుతుందనీ వాడి నమ్మకం. రచయిత ఈ పుస్తకంలో చాలా భాగం ఆ రైళ్లలోనే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రాశాడని తెలిశాక నాకు ఇంకా మత్తెక్కింది. పిచ్చి లోకానిదే, పిల్లాడిది కాదనిపించింది. నవలలు చదివేవాళ్లకి ఈ జబ్బు తొందరగా అంటుకుంటుంది.

ఒక ఆదివారం అక్క వాళ్లింట్లో భోజనాల దగ్గర ఇదే ఊదరగొట్టాను. "ఆ మాత్రలు మనిషిని మొద్దుబారుస్తాయి. మానేశాకే వాడికి అన్నీ స్పష్టంగా కనిపించాయి." ఎదురుగా మా మేనల్లుడు పప్పన్నం కలుపుకుంటున్నాడు. పంతొమ్మిదేళ్లు. అదే జబ్బు, రెండేళ్లుగా మందులు. వాటితో ఒళ్లొచ్చింది, బారెడు పొద్దెక్కినా మత్తు వదలదు. తలెత్తలేదు కాబట్టి వినడం లేదనుకున్నాను.

తర్వాత నెల రోజులు వాడు బాగా తేరుకున్నాడు. పెందలాడే లేచేవాడు, జోకులేసేవాడు. అక్క మురిసిపోయింది. ఇక్కడే ఉంది మోసమంతా. మందు మానిన మర్నాడే జబ్బు తిరగబెట్టాలని లేదు. ముందు మగత పోతుంది. జబ్బు వారాలకో నెలలకో వస్తుంది. ఈలోపు మానడమే మంచిదైందనిపిస్తుంది.

రెండో నెలలో వాడికి నిద్ర కరువైంది. పైవాటా వాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారన్నాడు. టీవీ వైరు కోసేశాడు. ఒక రాత్రి అక్క ఫోన్ చేసింది: "ఒరేయ్, మనీప్లాంట్ కుండీలో అన్నీ మాత్రలేరా. మామయ్యే చెప్పాడంటున్నాడు."

నేనలా అనలేదనబోయాను. అన్నాను కదా.

వాడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వరండా బెంచీ మీద ఆ నవల మళ్లీ చదివాను. విల్ తనకిష్టమైన ఎమిలీని రైలు పట్టాల మీదికి తోసేసి ఉన్నాడు. మొదటిసారి ఆ సంగతి గబగబా దాటేశాను. వాడి తల్లి వయొలెట్, డిటెక్టివ్ లతీఫ్‌తో కలిసి కొడుకు కోసం వెతికే అధ్యాయాలను సాగదీత అనుకున్నాను. మందు మానడం గొప్పని రచయిత అనలేదు, ఆ ముక్క నేను కలిపింది.

ఇప్పుడు మేనల్లుడికి డాక్టరు మందు మార్చారు. పొద్దున్న మగత కాస్త తగ్గింది. అంటే వాడి బాధ నిజమే. అది డాక్టరుకి చెప్పుకోరా అనడం ఆ ఆదివారం నాకు తట్టలేదు.

మొన్న మా ఇంట్లో అలమరలో పుస్తకం చూసి అడిగాడు: "మామయ్యా, చివరికి వాడికేమవుతుంది?"

"ఇంకా పూర్తి కాలేదురా" అన్నాను.