బీచ్ రోడ్డులో మళ్ళీ రాత్రిపూట

విశాఖపట్నంలో రాత్రి సందడి ఎక్కడుంటుందని అడిగితే ఈమధ్య అందరూ పెద్ద హోటళ్ళ పేర్లు, పబ్బుల పేర్లు చెబుతున్నారు. నేను మాత్రం ఆర్.కె. బీచ్ పిట్టగోడ పేరే చెబుతాను. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నప్పుడూ ఇదే చెప్పేవాణ్ణి. చాలా ఏళ్ళ తర్వాత మొన్న చలికాలంలో వెళ్ళి, రాత్రుళ్ళు సముద్రం పక్కనే తిరిగి వచ్చాక కూడా నా మాట మారలేదు.

మా రోజుల్లో రాత్రి అంటే జగదాంబలో సెకండ్ షో. ఆ కూడలికి థియేటర్ పేరే స్థిరపడిపోయిందంటే ఈ ఊరికి సినిమా మీద ఎంత మమకారమో తెలుస్తుంది. ఆట వదిలాక నేరుగా హాస్టల్‌కి పోయేవాళ్ళం కాదు. కలెక్టరాఫీసు డౌన్ దిగి, బీచ్ రోడ్డు పట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ చినవాల్తేరు మీదుగా చేరేవాళ్ళం. అప్పట్లో ఆ దారి సగం చీకటి. కుడిపక్కన లంగరేసిన ఓడల దీపాలు, వెనక్కి తిరిగితే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు. అంతే. జేబులో డబ్బుల్లేని కుర్రాళ్ళకి ఆ రోడ్డు ఇచ్చినంత ఆనందం మరే చోటూ ఇవ్వలేదు.

ఇప్పుడా రోడ్డు నిండా వెలుగే. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విధుల నుంచి తప్పుకున్న కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడి ఉంది. రోడ్డుకి అవతల 2017 నుంచి టీయూ-142 విమానం. కాస్త దూరంలో 1971 యుద్ధవిజయ స్మారకం. ఆ ఏడాది డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ తీరానికి దగ్గర్లోనే. ఆ నీళ్ళకి ఎదురుగా కూర్చుని పిల్లలు ఇవాళ నిశ్చింతగా ఐస్‌క్రీం తింటున్నారు. యుద్ధం జరిగిన చోట ఇంతకన్నా మంచి దృశ్యం ఏముంటుంది?

పిట్టగోడ మీద మాత్రం జనం అప్పటిలాగే ఉన్నారు. గాజువాక నుంచి బండి మీద వచ్చిన స్టీల్‌ప్లాంట్ కుటుంబం, హిందీలో పిల్లల్ని కసురుకుంటున్న నేవీవాళ్ళ ఇల్లాలు, అరకు చూసొచ్చి కాళ్ళు చాపుకున్న బెంగాలీ యాత్రికులు, శ్రీకాకుళం నుంచి ఆస్పత్రి పని మీద వచ్చి, పనయ్యాక సముద్రం చూడకుండా బస్సెక్కలేని ముసలి దంపతులు. వీళ్ళలో ఎవరూ టికెట్ కొనలేదు. ఎవరూ ఎవర్నీ లేవమనలేదు. ఒక ఊరి రాత్రి ఎంత మంచిదో చెప్పడానికి ఇదే నాకు కొలమానం.

మురీ మిక్చర్ అమ్మే ఆమె దగ్గర ఆగాను. సత్తు గిన్నెలో మరమరాలు పోసి, వేరుశనగ గుళ్ళు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర వేసింది. కారం వెయ్యబోతూ చెంచా గాల్లో ఆపి, "ఏటి బాబూ, కారం తగల్నియ్యాలా?" అంది. తగలనియ్యమన్నాను. అర నిమ్మచెక్క పిండి, గిన్నె అంచుకి చెంచా టకటకా కొడుతూ కలిపి, కాగితం పొట్లంలోకి ఒంపింది. ఆ టకటక వినబడగానే పక్కనున్న ఇద్దరు పిల్లలు తండ్రి చెయ్యి లాగారు. సందడి తగ్గేదాకా ఇక్కడే ఉంటానని, ఆదివారమైతే అర్ధరాత్రి దాటుతుందని చెప్పింది. మనకి షికారైన రాత్రి ఆమెకి కూలి గిట్టే పొద్దు. బీచ్ అందంగా ఉండాలంటూ ఇలాంటి బళ్ళన్నీ తీసేయాలనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. బళ్ళు లేని బీచ్ రోడ్డులో నాకైతే నడవాలనిపించదు. చెత్తబుట్టలు పెట్టండి, వరసగా చోటు చూపించండి. వాళ్ళని మాత్రం ఉండనివ్వండి.

అక్కణ్ణుంచి ఉత్తరంగా, తెన్నేటి పార్కు దాటి జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ వైపు వెళ్ళాను. ఈ తీరంలో రాత్రి ఇంకొకరిది కూడా అని నాకు తెలిసింది అక్కడే. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇక్కడికి వస్తాయి. అటవీశాఖ తరఫున రాత్రంతా ఒడ్డు వెంబడి నడిచే కాపలావాళ్ళలో ఒకతను నన్ను కాస్త దూరంగా ఇసకలో కూర్చోబెట్టాడు. "లైటెయ్యకండి బాబూ, గుడ్లు పెట్టకుండా ఎనక్కి ఎల్లిపోద్ది" అన్నాడు.

తాబేలు బరువైన ఒళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది. వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి దోసిలిలా వంచి ఇసక తోడింది. ఆ గోతిలోకి తెల్లటి గుండ్రటి గుడ్లు జారాయి. ఒక్కో కాన్పుకి వంద పైచిలుకు పెడుతుందట. ఇసక కప్పి, ఒంటి బరువుతో గట్టిగా అదిమి, వెనక్కి చూడకుండా నీళ్ళలోకి పోయింది. కుక్కలూ నక్కలూ తవ్వకుండా కాపలా అతను ఆ గుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె కట్టిన చోట మళ్ళీ పాతిపెట్టాడు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు పైకి వస్తాయి. వెలుతురు ఎటుంటే అటు పాకడం వాటి పుట్టుగుణం. మనిషి దీపాలు లేనప్పుడు రాత్రిపూట ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు రోడ్డు దీపాలు, రిసార్టుల లైట్లు అంతకన్నా వెలుగుతుంటే పిల్లలు వెనక్కి తిరిగి రోడ్డు వైపు పాకుతాయి. అలా వెళ్ళినవి బండి చక్రాల కిందో, కుక్కల నోట్లోనో, తెల్లారాక ఎండకో చచ్చిపోతాయి.

పెద్దవాటికి వేరే గండం. మరబోట్లు లాగే వలల్లో చిక్కితే, ఊపిరికి పైకి రాలేక మునిగి చస్తాయి. ఆ సీజన్లో పొద్దున్నే ఒడ్డున నడిచేవాళ్ళకి వాటి శవాలు కనబడుతూనే ఉంటాయి. తాబేలు తప్పించుకుపోయే దారి ఉన్న వలలు ఉన్నాయి. వాటిని వాడితే కొంత చేప కూడా జారిపోతుందని బోటువాళ్ళ బాధ. ఫిషింగ్ హార్బర్లో తెల్లవారుజామున వేలంపాట చూసినవాడిగా ఆ బాధ అబద్ధమని అనను. రాత్రంతా నిద్రలేని మనిషి తన బుట్టలో చేపకి తక్కువ ధర పలికితే మొహం ఎలా వాడిపోతుందో చూశాను. ఆ నష్టాన్ని అతని ఒక్కడి నెత్తిన పెట్టకుండా ప్రభుత్వం పూడ్చాలి. తాబేలును కాపాడే ఖర్చు తీరం అందాన్ని అనుభవించే మనందరిదీ.

బీచ్ రోడ్డుని భీమిలి దాకా దీపాలతో నింపేయాలని ఉబలాటపడేవాళ్ళకి నేను చెప్పేదొకటే. ఆర్.కె. బీచ్ దగ్గర ఎన్ని దీపాలైనా పెట్టుకోండి. అక్కడ పిల్లలు ఆడుకుంటారు, ఆడవాళ్ళు ధైర్యంగా నడుస్తారు, మురీ బండి నడుస్తుంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే మేర ఆ సీజనంతా దీపాలు తగ్గించండి. రోడ్డుకి కావలసిన వెలుతురు రోడ్డు మీదే పడేలా మూతలు బిగించండి.

చలికాలంలో విశాఖ వెళ్ళేవాళ్ళకీ ఒక మనవి. పిట్టగోడ మీద కూర్చోండి, మిక్చర్ కొనుక్కోండి, పొట్లం కాగితం చెత్తబుట్టలో వేయండి. సాగర్‌నగర్ వైపు వెళితే కారు హెడ్‌లైట్లు సముద్రం వైపు తిప్పకండి, ఇసకలో ఫోన్ టార్చి వెయ్యకండి. తాబేలు కనబడితే ఫొటో కోసం చుట్టూ మూగకుండా, కాపలావాళ్ళకి కబురు చెప్పి దూరంగా ఉండండి.