విజయనగరం కంప్యూటర్, భిలాయ్ కీబోర్డు

నాన్నగారి ఉద్యోగం సీఐఎస్‌ఎఫ్‌లో. మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారడం మా ఇంట్లో మామూలే. ఈసారి భిలాయ్‌కి బదిలీ అయినప్పుడు మా డెస్క్‌టాప్ కంప్యూటర్ విజయనగరంలో తాతయ్య దగ్గరే ఉండిపోయింది. అయినా అక్కాతమ్ముళ్లం మేమిద్దరం దానితో ఇక్కడి నుంచే పని చేస్తున్నాం. ఎలాగో చెబుతాం.

అమ్మమ్మ పాడిన పాటల్ని తాతయ్య 40 క్యాసెట్లలో రికార్డు చేసి దాచారు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. క్యాసెట్లు పాడైపోతున్నాయని మామయ్య వాటిని ఆ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. సీడీ నాణ్యతలో నిమిషం పాటకు సుమారు 10 ఎంబీ అవుతుంది. గంట క్యాసెట్ 600 ఎంబీ పైమాటే. మొత్తం కలిపి దాదాపు 25 జీబీ. వీటిని చిన్న ఎంపీ3 ఫైళ్లుగా మారిస్తే పదకొండో వంతుకు తగ్గుతాయి. అప్పుడు చుట్టాలందరికీ ఫోన్లో పంపొచ్చు. మరి అంత సరుకు భిలాయ్‌కి తెప్పించుకోవడం ఎలా? మామయ్య నవ్వాడు. "పాటలు మీ దగ్గరికి ఎందుకర్రా? మీ మాట ఇక్కడికొస్తే చాలదూ?" అన్నాడు.

ఆ మాటను మోసుకెళ్లేది ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం. మా ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ అని, యూజర్ పేరు, అవతలి కంప్యూటర్ చిరునామా టైప్ చేస్తాం. ఆ తర్వాత కొట్టే ప్రతి అక్షరం విజయనగరం వెళ్తుంది. ఎల్‌ఎస్ అని కొడితే కనిపించేవి అక్కడి ఫైళ్లే. ప్రోగ్రాం నడిచేది అక్కడి ప్రాసెసర్ మీదే. మా తెర మీదికి వచ్చేవి అక్షరాలు మాత్రమే. అందుకే పాత ల్యాప్‌టాప్, నెమ్మది నెట్ కూడా సరిపోతాయి. మన ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాలిన రైలు పట్టాను ఎవరూ చేత్తో తొయ్యరు కదా, కంట్రోల్ రూములో కూర్చుని నడుపుతారు. ఇదీ అలాంటిదే.

ఇది కొత్త ఆలోచన కాదు. 1969 అక్టోబరు 29న ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్ మీద పంపబోయిన మొదటి మాట "లాగిన్". ఇంగ్లీషులో మొదటి రెండు అక్షరాలు, ఎల్, ఓ వెళ్లగానే అవతలి కంప్యూటర్ ఆగిపోయింది! తర్వాత వచ్చిన టెల్నెట్‌లో పాస్‌వర్డు దాపరికం లేకుండా వెళ్లేది, దారిలో దొంగలు చదివేసేవారు. ఫిన్లాండ్‌లో తన విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో అలాంటి దొంగతనం జరిగాక, 1995లో టాటు ఇలోనెన్ అనే పరిశోధకుడు ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఇందులో వెళ్లేదంతా రహస్య లిపిలోనే వెళ్తుంది.

మొదటిసారి కలిపినప్పుడు ఈ కంప్యూటర్ నాకు తెలియదు, ముందుకు వెళ్లమంటారా అని అడిగి, ఒక పొడవాటి వేలిముద్ర లాంటి వరస చూపించింది. మామయ్య ఫోన్లో అక్కడి వరస చదివాడు. ఒక్కో అక్షరం సరిచూసుకున్నాకే "ఎస్" కొట్టాం. గేటు దగ్గర నాన్నగారు పాస్ చూడనిదే ఎవర్నీ లోపలికి పంపరు, మేమెలా పంపుతాం? అనుమతి లేని కంప్యూటర్‌లోకి వెళ్లడం కూడా అంతే తప్పు.

మొదటి రోజు 17వ క్యాసెట్ దగ్గర మా నెట్ పోయింది. అక్కడి పని కూడా ఆగిపోయింది. లైను తెగితే ఆ ప్రోగ్రాంకు "హ్యాంగప్" అనే సంకేతం అందుతుంది, అది పని ఆపేస్తుంది. టెలిఫోన్ లైన్ల మీద కంప్యూటర్లు కలిపిన రోజుల నుంచి వచ్చిన పేరు అది. దానికి మందు "నోహప్", అంటే ఫోన్ పెట్టేసినా పని ఆపొద్దు అని. కమాండ్‌కు ముందు ఆ మాట, చివర ఆండ్ గుర్తు పెట్టి, ల్యాప్‌టాప్ మూసేసి బడికి వెళ్లాం. సాయంత్రం వచ్చి చూస్తే పని నడుస్తూనే ఉంది. ఊళ్లు మారే మనలాంటి పిల్లలకు ఈ కమాండ్ తెలిసి ఉండాలి.

నలభయ్యో ఫైలు పూర్తయిన రోజు తాతయ్యకు ఫోన్ చేసి, కంప్యూటర్ స్పీకర్లు ఆన్ చెయ్యమన్నాం. ఇక్కడ పాట వినిపించే కమాండ్ కొట్టాం. అక్కడ అమ్మమ్మ పాడింది.

తాతయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాట అయ్యాక, "ఇంకోటి పెట్టండర్రా" అన్నారు.