టన్ను సున్నం కొలంబో చేరేదాకా

“టన్ను ఎంతకిస్తారు?” అని కొలంబో నుంచి ఒక వ్యాపారి అడిగాడు. అడిగింది మా బావమరిదిని. నరసరావుపేటలో ఎరువుల కొట్టు నడుపుకునే వాడికి ఈ మధ్య ఎగుమతుల మీద మనసు పోయింది. నీళ్ల శుద్ధికి వాడే పొడి సున్నం కావాలట, కొలంబో రేవులో అప్పగించాలట, ధర డాలర్లలో చెప్పాలట. మావాడికి తెలిసింది పిడుగురాళ్లలో బస్తా రేటు ఒక్కటే. దాన్ని డాలర్లలోకి మార్చి, పైన కాస్త లాభం వేసి మెయిలు కొట్టబోతుంటే నేనే ఆపాను. ముందు బట్టీ చూసొద్దాం పద అన్నాను. ఆ లెక్క చూడాలని నాకూ చాన్నాళ్లుగా ఉంది.

నకరికల్లు మీదుగా పిడుగురాళ్ల వెళ్లాం. పల్నాడు 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది, నరసరావుపేట దానికి కేంద్రం. కానీ బయటి వ్యాపారులకు ఈ ప్రాంతం పేరు చెప్పగానే గుర్తొచ్చేది పిడుగురాళ్ల సున్నమే. బట్టీలూ ముగ్గు మిల్లులూ ఉన్న వైపు వేపచెట్లకు ఆకుపచ్చ కంటే తెలుపే ఎక్కువ. మాకు తెలిసినవాళ్ల ద్వారా దొరికిన బట్టీ యజమాని అరవై దాటిన మనిషి. మావాడు కుర్చీలో కూర్చోకముందే రాయి రేటు అడిగాడు.

“రాయి రేటు అడగమాకండి. కాల్చాక ఎంత మిగిలిందో అడగండి,” అన్నాడాయన.

అక్కడి నుంచే అసలు పాఠం మొదలైంది. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. చేతికొచ్చేది 56 కిలోలు. అంటే టన్ను సున్నం కావాలంటే, ఒక్క ముక్కా వృథా కాకపోయినా, దగ్గర దగ్గర 1.8 టన్నుల రాయి బట్టీలో పడాలి. మన రాయిలో ఇసుకపాలు ఉంటుంది, మట్టి ఉంటుంది, నడిమి భాగం కాలకుండా మిగిలిన ముక్కలుంటాయి. కాబట్టి రెండు టన్నులు దాటినా ఆశ్చర్యం లేదు. గనిలో తవ్విన కూలీ, పేలుడు మందు, లోడరు డీజిలు, గని నుంచి బట్టీకి ట్రాక్టరు బాడుగ, ఇవన్నీ ఆ రెండు టన్నుల మీద పడతాయి. అమ్ముకునేది మాత్రం ఒక టన్ను.

సర్కారు వాటా సంగతీ అంతే. ప్రధాన ఖనిజంగా తవ్వే సున్నపురాయికి 2014 నుంచి టన్నుకు 80 రూపాయల రాయల్టీ. సిలికా ఒకటిన్నర శాతం లోపు ఉండే ఎల్‌డీ గ్రేడు రాయికైతే 90. పాత లీజుల వాళ్లు రాయల్టీలో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి అదనంగా కట్టాలి. వేలంలో తీసుకున్న లీజులకు అది 10 శాతం. ఇక్కడొక తిరకాసుండేది. 2025 దాకా ఇళ్లు కట్టే సున్నానికి బట్టీలో పడే రాయి చట్టం దృష్టిలో చిన్న తరహా ఖనిజం. దానికి రాష్ట్రం వేసే సీనరేజి వేరుగా ఉండేది. అదే గోతిలోని అదే రాయి సిమెంటు ఫ్యాక్టరీకి పోతే ప్రధాన ఖనిజం. రాయి ఏమిటన్నది కాదు, ఎక్కడికి పోతుందన్నది చూసేది చట్టం. 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం రాయల్టీ పన్ను కాదని తేల్చి, ఖనిజ భూముల మీద రాష్ట్రాలు వేరుగా పన్ను వేసుకోవచ్చని కూడా చెప్పింది. ముందు ముందు ఈ పద్దు పెరగడమే తప్ప తగ్గేది కాదు.

ఈ పద్దును పూర్తిగా ఎగ్గొట్టి బతికినవాళ్లూ ఈ నేల మీద ఉన్నారు. కోనంకి, కేసానుపల్లి, నడికుడి చుట్టుపక్కల తెల్లరాయి అక్రమ తవ్వకాల వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. రాయల్టీ కట్టని రాయితో కాల్చిన సున్నం పక్కన రాయల్టీ కట్టిన సున్నం ఎప్పుడూ ఖరీదుగానే కనిపిస్తుంది. దొంగ రాయి ధరే బజారు ధరగా స్థిరపడితే, నిజాయితీగా వ్యాపారం చేసేవాడు ఎగుమతికి ఇచ్చే కొటేషను చూసి బయటివాడు ‘మీవాళ్లే ఇంతకంటే తక్కువకిస్తున్నారు’ అంటాడు. ఆ తేడా ఎక్కడిదో మెయిల్లో రాసి ఒప్పించలేం.

బట్టీ దగ్గరకు తీసుకెళ్లారు. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు. కింద నుంచి కాలిన గడ్డలు లాగుతారు. రాయి సున్నంగా మారాలంటే 900 డిగ్రీల వేడి కావాలి. టన్ను సున్నానికి కాగితం మీద లెక్కగడితే, కిలోకు అయిదు వేల కిలో కెలోరీలిచ్చే బొగ్గు 150 కిలోలు చాలాలి. బట్టీ గోడల్లోంచి, పొగలోంచి పోయే వేడి కూడా కలుపుకుంటే అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది. బొగ్గు నాసిరకమైతే బూడిద సున్నంలో కలిసి రంగు చెడుతుంది. మంచి బొగ్గు కొంటే ధర చెడుతుంది. “ఖర్చంతా రాయిలో ఉందనుకుంటారు, సగం గొడవ బొగ్గుతోనే,” అన్నాడు మేస్త్రీ. ఆయన కాలిన గడ్డను చేతిలో తూచి, వేలితో మీటి, లోపల పచ్చిరాయి ఉందో లేదో చెప్పేస్తున్నాడు. పరిశ్రమల భాషలో అది నాణ్యతా నియంత్రణ. దానికి ఆయనకిచ్చే కూలి ఏ కొటేషనులోనూ విడిగా కనిపించదు.

కనిపించనిది ఇంకొకటుంది. గడ్డలు ఏరే ఆడవాళ్లు చీర కొంగు ముక్కుకు చుట్టుకుని పని చేస్తున్నారు. పొడి సున్నం చెమట తగిలితే చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే కన్ను పోవచ్చు. కళ్లద్దాలూ గ్లోవ్సులూ ఇచ్చి, దుమ్ము పట్టే యంత్రం పెడితే టన్నుకు ఎంత పెరుగుతుందని అడిగాను. యజమాని నవ్వేసి మాట దాటేశారు. పెద్ద మొత్తం కాదని నా అంచనా. మన సరుకు చవకంటే అందులో కొంత ఈ ఆడవాళ్ల ఊపిరితిత్తుల చవకే, దాన్ని వ్యాపార నైపుణ్యం అనుకోవడం నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం టీలు తాగుతూ కాగితం, పెన్ను తీశాం. మావాడికి అర్థం కావాలని సున్నం అసలు సారాన్ని, అంటే కాల్షియం ఆక్సైడును, ఒక టన్ను అనుకున్నాం. దాన్ని రాయి రూపంలో పంపితే 1.79 టన్నుల బరువు. కాల్చిన గడ్డ సున్నంగా పంపితే ఒక టన్ను. నీళ్లు చల్లి పొడి చేసి పంపితే 1.32 టన్నులు, ఎందుకంటే సున్నం నీటిని తనలో కలిపేసుకుంటుంది. టన్నుకు బాడుగ వంద రూపాయలనుకుంటే రాయికి 179, పొడికి 132, గడ్డకు వంద. మరి గడ్డే పంపొచ్చుగా అన్నాడు మావాడు. వర్షం పడినా, రేవులో తేమ తగిలినా గడ్డ వేడెక్కి ఉబ్బి సంచి చించుకుంటుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న పెద్ద సంచులు కావాలి, ఓడవాళ్లు ఒప్పుకోవాలి, ఎక్కువ రోజులు నిల్వ ఉండకూడదు. పొడికి ఆ బాధ తక్కువ. కాకపోతే నీటికి బాడుగ కట్టి సముద్రం దాటిస్తున్నట్టు లెక్క.

“పైగా డబ్బా నిండదు,” అన్నారు యజమాని. నేను నిండుతుందనుకున్నాను. ఇద్దరం చెప్పిందీ ఒకటేనని తర్వాత తేలింది. ఇరవై అడుగుల కంటైనరులో 33 ఘనపు మీటర్ల చోటుంటుంది, పాతిక టన్నుల పైన బరువు మోస్తుంది. పొడి సున్నం ఘనపు మీటరుకు దాదాపు అర టన్నే తూగుతుంది. అంటే పదహారు, పదిహేడు టన్నులకే చోటు అయిపోతుంది. కుదించి నింపితే ఇంకొంచెం పడుతుంది. చోటు నిండింది గానీ బరువు నిండలేదు. కంటైనరు బాడుగ మాత్రం డబ్బాకింత అనే లెక్క. అదే మాచర్ల నాపరాళ్లయితే తొమ్మిది ఘనపు మీటర్లకే పాతిక టన్నులు తూగి, ముప్పాతిక డబ్బా ఖాళీగా ఓడెక్కుతుంది.

మర్నాడు మాచర్ల పోయింది అందుకే. నాపరాళ్ల యార్డులో టన్ను మాటే వినపడదు, అంతా చదరపు అడుగు. ఇరవై మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుగుకు అయిదు కిలోలు. కొసలు కోసి, ఒకవైపు నునుపు చేసి, చెక్క పెట్టెల్లో నిలబెట్టి సర్దితే ఒక కంటైనరుకు అయిదు వేల అడుగులకు కాస్త తక్కువ. ఆ చెక్కకు పురుగు పట్టకుండా వేడి చేసి ముద్ర వేయించాలి, లేకపోతే చాలా దేశాలు రేవులోనే ఆపేస్తాయి. కోతలో విరిగిన ముక్కల ఖర్చు కూడా మంచి పలకే మోస్తుంది. అదే పునాది రాయి, కానీ చదరపు అడుగులో అమ్మేసరికి పనితనం ధరలోకి వచ్చి కూర్చుంటుంది.

పల్నాటి రాయి సముద్రం దాటడం కొత్తేమీ కాదు. అమరావతి స్తూపం శిల్పాలు పల్నాటి సున్నపురాయివే. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వి తీసి మద్రాసుకు చేర్చినవి 1859లో లండన్‌కు ఓడెక్కాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి బరువుకు బాడుగ ఎంతయిందో ఎవరూ అడగరు. ఉలి పడిన రాయికి బాడుగ చిల్లర ఖర్చు, ఉలి పడని రాయికి బాడుగే ధర. మాచర్లలోనే కేసీపీ వాళ్లు 1958లో సిమెంటు ఫ్యాక్టరీ ఎందుకు పెట్టారో దీన్ని బట్టి తెలుస్తుంది. రాయిని ఫ్యాక్టరీకి మోయడం దండగ కాబట్టి ఫ్యాక్టరీయే రాయి దగ్గరికొచ్చింది. దేశంలో పొడి పద్ధతిలో నడిచిన మొదటి సిమెంటు కొలిమి అదేనంటారు.

అయితే ఉలి పడని రాయీ ఒక్కోసారి సముద్రం దాటుతుంది. పల్నాడుకు కృష్ణ అవతలి ఒడ్డున జగ్గయ్యపేటలో విశాఖ ఉక్కుకు సొంత సున్నపురాయి గని ఉంది. ఆ రాయి బ్లాస్ట్ ఫర్నేసుకు సరిపోతుంది. ఉక్కు శుద్ధి చేసే షాపుకు మాత్రం సిలికా తక్కువున్న రాయి కావాలి. అది గల్ఫ్ నుంచి ఓడల్లో విశాఖకొస్తుంది. సిలికా ఒక కిలో ఎక్కువుంటే దాన్ని బంధించడానికి కొన్ని కిలోల సున్నం వృథా అవుతుంది, అందుకే కొనేవాడు దూరాన్ని లెక్కచేయడు. రాయల్టీ పట్టికలో ఆ రెండు గ్రేడులకు తేడా పది రూపాయలే. బజారులో ఆ తేడా ఒక ఓడ నిండా ఉంది. రేవు పక్కనే గని ఉండి, వేల టన్నులు ఒకేసారి ఓడెక్కిస్తే, టన్నుకు పడే సముద్రం బాడుగ మన లారీ బాడుగతో పోటీ పడుతుంది.

మన లారీ దగ్గరే ఉంది చిక్కంతా. పిడుగురాళ్ల నుంచి చెన్నై రేవు దాదాపు 400 కిలోమీటర్లు. తిరుగు లోడు దొరికితే ఒక బాడుగ, దొరకకపోతే ఇంకో బాడుగ. రేవులో హమాలీ, కస్టమ్స్ ఏజెంటు, టెర్మినల్ చార్జీ, పత్రాల ఖర్చు. ఓడ ఆలస్యమైతే రోజు రోజుకూ డెమరేజి. కొనేవాడు డబ్బు అరవై రోజులకో తొంభై రోజులకో పంపితే అన్నాళ్లూ బ్యాంకు వడ్డీ మనదే. ఈలోపు రూపాయి బలపడితే ఆ నష్టమూ మనదే. ఎగుమతికి జీఎస్‌టీ లేదు గానీ కొనుగోళ్ల మీద కట్టింది వాపసు వచ్చేదాకా ఆ సొమ్ము ఇరుక్కుపోతుంది. ఖరీదైన సరుకుకు ఇవన్నీ శాతాల్లో కనిపించకుండా పోతాయి. సున్నం లాంటి చవక సరుకుకు ఒక్కొక్కటీ కొండంత. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలై బాడుగలు ఎగబాకినప్పుడు, బట్టల డబ్బా పంపినవాడు విసుక్కున్నాడు, రాయి డబ్బా పంపినవాడు మానుకున్నాడు.

ఇంటికొచ్చాక మావాడు మెయిలు మళ్లీ రాశాడు. ఈసారి ఒక ధర కాదు, మూడు. బట్టీ దగ్గర ఇంత, చెన్నైలో ఓడెక్కించి ఇంత, బాడుగ, బీమా కలిపి కొలంబోలో ఇంత. ఓడ బాడుగ పదిహేను రోజుల వరకే ఖాయమని కింద రాశాడు. సారం ఎంత శాతమో పరీక్ష కాగితం జత చేస్తామన్నాడు. ఆ శాతం ఎందుకంత ముఖ్యమో లెక్క చూడండి. పొడి సున్నం తొంభై శాతం స్వచ్ఛమైతే అందులో సారం 68 శాతం. ఎనభై శాతమే స్వచ్ఛమైతే సారం అరవై శాతం పైచిలుకు. టన్నుకు వంద రూపాయల బాడుగ చొప్పున సారం టన్నుకు మొదటిదానికి 147, రెండోదానికి 165. ధర ఒకటే అయినా రెండోది కొన్నవాడు మట్టికి బాడుగ కట్టాడు. తెలివైన కొనుగోలుదారు సంచి బరువు చూడడు, ఈ 147ను చూస్తాడు.

నా తీర్పు ఇది. ఇప్పుడున్న రోడ్డు బాడుగలతో పల్నాటి రాయిని రాయిగా ఎగుమతి చేయడం దండగ. పొడి సున్నం శ్రీలంక లాంటి దగ్గరి దేశాలకు, అదీ పరీక్ష కాగితం ఉంటేనే గిట్టుబాటు. పలకలు కోసి నునుపు చేస్తే ఎంత దూరమైనా పోతాయి. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి వేస్తున్న 309 కిలోమీటర్ల రైలు మార్గం పూర్తయి, సున్నానికి వ్యాగన్లు దొరికితే ఈ లెక్క మళ్లీ వేయాలి. అప్పటిదాకా ఎగుమతి మోజున్న మన కుర్రాళ్లకు చెప్పేదొకటే: ఎవరైనా టన్ను ఎంతని అడిగితే ధర చెప్పకండి, ఏ రూపంలో, ఎంత సారంతో, ఎక్కడ అప్పగించాలో ముందు మీరు అడగండి.